కుసి, బెజ్జము: చీనా వడ్రంగపు చరిత్ర

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల రైతులకు కొయ్యబండి చక్రము చిరపరిచితము. నడుమ కుండ, దాని చుట్టును ఆకులు, ఆకుల చివర పూటీలు. ఆకు కొనను సన్నగా చెక్కినచో కుసి యగును. అది దూరుటకు తొలిచినది బెజ్జము. ఇట్లు మేకు లేకయే కొయ్యను కొయ్య పట్టుకొనును.

ఈ విద్య మిక్కిలి ప్రాచీనము. చీనా దేశమున హెముడు అను చోట జరిపిన త్రవ్వకములలో సుమారు 7,000 ఏండ్ల నాటి యిండ్ల దూలములు బయల్పడినవి. వానికి కుసులును, బెజ్జములును కలవు. లోహపు ఉలి లేని ఆ కాలమున రాతితో, ఎముకతో చేసిన పనిముట్లే సాధనములు. మన అమరావతి స్తూపమునందును రాతి స్తంభములకు బెజ్జములు తొలిచి అడ్డుపట్టీల కొనలు దూర్చిరి. అది కొయ్యపని రీతియే.

మన వడ్రంగులు విశ్వకర్మను కొలిచినట్లే చీనా వడ్రంగులు లూ బాన్‌ను కొలుతురు. వారి కట్టడములలో కప్పు బరువును మోయునది గోడ కాదు, స్తంభము. స్తంభముపై ఒకదానిలో నొకటి ఇమిడిన కొయ్య దిమ్మెలు ఆ బరువును క్రిందికి దింపును. భూమి కంపించినపుడు అతుకులు కొంచెము కదలి ఆ ఊపును తగ్గించును. 1056లో యింగ్‌షియన్‌లో కట్టిన కొయ్యగోపురము సుమారు 220 అడుగుల ఎత్తు గలది. పెక్కు భూకంపములకు తాళి నేటికిని నిలిచియున్నది.

1103లో లీ జియె రచించిన నిర్మాణ గ్రంథము అచ్చయ్యెను. అందు కొయ్య కొలతలను ఎనిమిది తరగతులుగా నిర్ణయించి, పనికి పట్టు కూలిని, సామగ్రిని లెక్కగట్టిరి. మరుగుపడిన ఆ గ్రంథము 1919లో నాన్‌జింగ్ గ్రంథాలయమున మరల వెలుగు చూచెను. కాని అందలి పనివారి పదములు పండితులకు బోధపడలేదు. లియాంగ్ సిచెంగ్ అను శాస్త్రజ్ఞుడు బీజింగు నగరపు వృద్ధ వడ్రంగుల నాశ్రయించి పని మర్మములు నేర్చెను. ప్రాచీనాలయములను స్వయముగా కొలిచెను. అట్లు తిరుగుచు 1937లో, క్రీ.శ. 857 నాటి ఫోగ్వాంగ్ ఆలయమును గుర్తించెను.

గ్రంథము మిగిలినను, దానిని వివరించు పనివాడు లేనిచో విద్య మూగవోవును. మనకు ట్రాక్టర్లు వచ్చి కొయ్యబండ్లు అరుదైనవి. చక్రము చేసిన చేతులు ఇంకను కొన్ని యూళ్లలో కలవు. ఆ పెద్దల నడిగి పనిముట్ల పేర్లను, కొలతలను, అతుకుల రీతులను బడిపిల్లలచే వ్రాయించుట ప్రతి గ్రామమునకు సాధ్యమైన పని. దానికి కావలసినది ఒక నోటుపుస్తకము, ఒక కొలబద్ద మాత్రమే.