కాశీమజిలీ నుంచి కమురోచో దాకా

సంచికకు ఏదైనా రాసివ్వమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు ‘ద్రవ్యోల్బణం – మధ్యతరగతి’ అని శీర్షిక పెట్టి రెండు పేజీలు రాసి చించేశాను. నాకు నిజంగా తెలిసిన విషయం మీద రాస్తే ఏం పోయిందనిపించింది. నిరుడు ద్రవ్యోల్బణం గురించి ఎన్ని గంటలు చదివానో నాకు లెక్క తెలియదు. ఒక వీడియో గేమ్‌లో గడిపింది మాత్రం 137 గంటలని ఖచ్చితంగా చెప్పగలను. ఆ లెక్క కంప్యూటరే రాసిపెట్టింది. మా ఎం.ఏ.లో ఒక పేపరుకు సెమిస్టరులో జరిగే క్లాసులు సుమారు 60. అంటే రెండు పేపర్లు పూర్తిగా విని, మూడోదానికి పుస్తకం తెరిచినంత కాలమన్నమాట. ఒక పేపరు పోయింది కూడా. ఈ వ్యాసం ఆ పేపరుకు సంజాయిషీ కాదు. అన్ని గంటలపాటు నన్ను అక్కడ కట్టిపడేసిందేమిటా అని తీరిగ్గా చేసుకున్న విచారణ.

తెలియనివారి కోసం రెండు మాటలు. ‘ఓపెన్ వరల్డ్’ ఆటలని ఒక జాతి ఉంది. వీటిలో ఒక మెట్టు దాటితేనే ఇంకో మెట్టు అన్న నిర్బంధం తక్కువ. ఊరో దేశమో మొత్తం మన ముందు పరిచి, ‘ఎటు పోతావో నీ ఇష్టం’ అంటారు. ఈ ఊహ కొత్తదేమీ కాదు. 1984లో కేంబ్రిడ్జిలో చదువుకుంటున్న డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు కుర్రాళ్ళు బీబీసీ మైక్రో అనే చిన్న కంప్యూటరు కోసం ‘ఎలీట్’ అనే ఆట తయారుచేశారు. అందులో 8 నక్షత్రమండలాలు, ఒక్కొక్క మండలానికి 256 లోకాలు. ఆ యంత్రానికున్న జ్ఞాపకశక్తి మొత్తం 32 కిలోబైట్లు! ఇవాళ సెల్‌ఫోన్లో తీసే ఒక్క ఫోటోకే అంతకు ఎన్నో రెట్లు చోటు కావాలి. తర్వాత 1996లో ‘డాగర్‌ఫాల్’ వచ్చింది. ఊళ్ళు, కోటలు, గుహలు కలిపి 15,000 పైచిలుకు. అయితే వాటిలో చాలాభాగం యంత్రం గుద్దిన అచ్చులే. పది ఊళ్ళు చూసినవాడికి పదకొండోది చూడబుద్ధి కాదు.

ఆట ఎంత పెద్దదైతే మనిషి అంత మునిగిపోతాడని నేనూ మొదట అనుకున్నాను. నా అనుభవం దాన్ని తలకిందులు చేసింది. నేను చిక్కుకున్న ఊరు ఈ చివరి నుంచి ఆ చివరికి పరిగెత్తితే నాలుగు నిమిషాలు కూడా పట్టదు.

ఆ ఊరి పేరు కమురోచో. లోకంలో లేని పేట. టోక్యో నగరం షింజుకు ప్రాంతంలో ఉన్న కబుకిచో అనే రాత్రి బజారును చూసి గీసినది. జపాన్‌లో సెగా కంపెనీ 2005 డిసెంబరులో ప్లేస్టేషన్ 2 మీద విడుదల చేసిన ‘యాకూజా’ అనే ఆటలో ఇది మొదట కనిపించింది. దాని రూపకర్త నగోషి తొషిహిరో. అప్పటినుంచి భాగం వెనుక భాగం వస్తూనే ఉంది. 2024 జనవరిలో వచ్చిన భాగం కథను హవాయి దీవుల దాకా మోసుకుపోయింది. నేను ఆడింది ‘యాకూజా జీరో’. అది 2015లో జపాన్‌లో వచ్చింది. మొదటి ఆటకు వెనకటి కథ కావటం వల్ల ఆ సున్నా.

కథాకాలం 1988 డిసెంబరు. అర్థశాస్త్ర విద్యార్థిని గనుక ఇక్కడ కొంచెం ఆగుతాను, క్షమించాలి. 1985 సెప్టెంబరులో న్యూయార్క్ ప్లాజా హోటల్లో అయిదు దేశాలు చేసుకున్న ఒప్పందం తర్వాత యెన్ విలువ పెరిగి జపాన్ ఎగుమతులు దెబ్బతిన్నాయి. వాటిని నిలబెట్టడానికి అక్కడి కేంద్ర బ్యాంకు వడ్డీ తగ్గించుకుంటూ పోయి 1987 ఫిబ్రవరి నాటికి రెండున్నర శాతానికి దించింది. చవగ్గా పుట్టిన డబ్బంతా భూముల మీదా షేర్ల మీదా పడింది. 1989 డిసెంబరు 29న నిక్కీ సూచీ 38,915 దగ్గర ముగిసింది. తర్వాత కూలింది. మళ్ళీ ఆ అంకె దాటడానికి 2024 ఫిబ్రవరి దాకా, అంటే ముప్ఫై నాలుగేళ్ళు పట్టింది. ఆటలో కథ మొత్తం నడిచేది, గట్టిగా ఒక కిళ్ళీకొట్టు పట్టేంత ఖాళీ జాగా కోసం. దాని కోసం ముఠాలు చంపుకుంటాయి. వీధిలో రౌడీని కొడితే ఒంట్లోంచి నోట్లు గాల్లోకి ఎగురుతాయి! గజం ధర తప్ప వేరే మాట వినబడని మన ఊళ్ళ మీదుగా వచ్చినవాణ్ణి గనుక నాకిదేమీ అతిశయోక్తిగా తోచలేదు. (పరీక్షలో ఈ బుడగ మీద ప్రశ్న వచ్చింది, బాగానే రాశాను. పోయింది గణాంకశాస్త్రం.)

సరే, అసలు విషయానికి వస్తాను. ప్రధాన కథ మట్టుకు ఆడితే ముప్ఫై గంటల్లో తేలిపోతుంది. మరి 137 ఎక్కడివి?

నాయకుడు కిర్యూ కజుమా. ఇరవై ఏళ్ళవాడు, హత్యానేరం నెత్తిన పడినవాడు. ప్రాణం అరచేత పట్టుకుని ఒక ముఖ్యమైన మనిషిని కలవడానికి పోతుంటాడు. దారిలో ఒక పిల్లవాడు ఏడుస్తూ కనబడతాడు. కొత్తగా కొనుక్కున్న వీడియో గేమ్‌ను ఎవడో లాక్కుపోయాడట. సరేనని ఆ దొంగను పట్టుకుంటే, వాడి దగ్గర ఇంకొకడు కొట్టేసి ఉంటాడు. వాడి దగ్గర మరొకడు. దీని వెనుక నిజం సంగతి ఒకటుంది. 1988 ఫిబ్రవరిలో ‘డ్రాగన్ క్వెస్ట్’ మూడో భాగం విడుదలైనప్పుడు జపాన్‌లో బడి ఎగ్గొట్టి దుకాణాల ముందు బారులు తీరిన పిల్లల సంగతీ, ఆట లాక్కున్న దొంగతనాల సంగతీ పత్రికలకెక్కాయి. క్లాసు ఎగ్గొట్టి, ఆట కోసం క్లాసు ఎగ్గొట్టే కాలం నాటి కథ ఆడుతున్నానని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

ఇలాంటి ఉపకథలు ఆ ఒక్క భాగంలోనే 100. కిర్యూకు 60, ఒసాకాలో ఉండే రెండో నాయకుడు మజిమా గోరోకు 40. ఇవి చాలక పాటల గది, డిస్కో, చేపలు పట్టడం, బొమ్మకార్ల పందెం, షోగి, మహ్‌జాంగ్, బేస్‌బాల్ బ్యాటింగు. బౌలింగ్‌లో గెలిస్తే బహుమతిగా ఒక కోడి వస్తుంది. ఆ కోడిని మన రియల్ ఎస్టేట్ ఆఫీసులో మేనేజరుగా వేసుకోవచ్చు! మా గదిలోవాళ్ళు ముగ్గురం ఆ కోడి పనితనం గురించి ఒక రాత్రంతా చర్చించాం. స్త్రీల విషయంలో మాత్రం ఈ ఆట చూపు ఏమంత గొప్పది కాదు. క్లబ్బుల్లో పనిచేసే ఆడపిల్లల్ని సరుకు లెక్కన అమర్చే వ్యాపారం ఒకటి అందులో ఉంది, దాని కోసమూ నేను గంటలు ఖర్చుపెట్టాను. దాచి ప్రయోజనం లేదు.

ఇదంతా ఎక్కడో విన్నట్టుందే అనుకుంటుంటే జ్ఞాపకం వచ్చింది – కాశీమజిలీ కథలు. మధిర సుబ్బన్న దీక్షితులుగారు పన్నెండు భాగాలు రాశారు. మణిసిద్ధుడు కాశీకి పోవాలి. తోడు వచ్చే గొల్లపిల్లవాడు ఒక షరతు పెడతాడు. ప్రతి మజిలీలోనూ తాను చూసిన వింతకు కథ చెప్పాలి, లేకపోతే వెనక్కి పోతానంటాడు. చదివినవాళ్ళలో కాశీ కోసం చదివినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? కాశీ ఒక సాకు. అసలు సరుకంతా మజిలీల్లోనే ఉంది. కథలో కథ, దానిలో ఇంకో కథ. కమురోచోలో ఆ ఖాళీ జాగా కూడా కాశీ లాంటిదే.

నాకు ఈ కథలు తెలిసింది పుస్తకంలో కాదు, మా నాయనమ్మ నోట. ఆవిడ దగ్గర ఒక నియమం ఉండేది. వినేవాడు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగుతుంది. ఊ ఆగిందంటే పిల్లవాడు నిద్రపోయాడని అర్థం, దుప్పటి కప్పి లేచిపోయేది. యాకూజాలోనూ సంభాషణలు చాలావరకు తెరమీద అక్షరాలుగా వస్తాయి. ఒక మాట చదివి మీట నొక్కితేనే రెండో మాట వస్తుంది. ఆ మీటే మన ఊ. తేడా ఒక్కటే. మనం నిద్రకు తూలుతుంటే దుప్పటి కప్పేవాళ్ళు అక్కడ లేరు. టెలిఫోన్ బూతులోకి వెళ్ళి ఆటను భద్రపరిచి ఆపుకోవాలి. ఆ బూతు దాకా నడిచేలోపు ఏదో ఒక మూల ఇంకొకడు ‘అయ్యా, కాస్త సాయం’ అంటాడు.

ఏ మలుపులో ఎవడు తగులుతాడో తెలియకపోవడంలోనే ఒక కీలకం ఉందని మనస్తత్వ శాస్త్రం చెబుతుంది. ఫెర్‌స్టర్, స్కిన్నర్ 1957లో ప్రచురించిన పెద్ద గ్రంథంలో పావురాల మీద చేసిన ప్రయోగాలున్నాయి. ఇన్నిసార్లు పొడిస్తే గింజ అని స్థిరంగా పెట్టినప్పుడు, గింజ దొరకగానే పావురం కాసేపు ఆగుతుంది. గింజ ఎప్పుడు పడుతుందో తెలియకుండా చేస్తే ఆగకుండా పొడుస్తూనే ఉంటుంది. రెండో సంగతి, సగంలో ఆగిన పని. బెర్లిన్‌లో బ్లూమా జైగార్నిక్ 1927లో, పూర్తికాని పనులే ఎక్కువ గుర్తుంటాయని రాసింది. జ్ఞాపకం సంగతి తర్వాతివారి పరీక్షల్లో గట్టిగా నిలబడలేదు. కాని ఆమె సహాధ్యాయిని మరియా ఓవ్సియాంకినా 1928లో చూపించిన విషయం నిలబడింది. సగంలో ఆపించిన పనిని, ఎవరూ చెప్పకపోయినా, మనుషులు తమంతట తామే మళ్ళీ అందుకుంటారు. కమురోచోలో ఒక పని పూర్తయ్యేసరికి మూడు పనులు సగంలో ఉంటాయి. పూర్తిగా ఖాళీ అయిన క్షణం ఒక్కటీ ఉండదు.

ఈ రెండూ నిజమే గాని నా మటుకు అసలు కారణం ఇంకొకటని నా అభిప్రాయం. ఆ ఊళ్ళో ప్రతి మనిషి కష్టమూ తీరేదే. పావుగంటలో తీరుతుంది. తీరగానే పట్టికలో ఒక గుర్తు పడుతుంది, వాడు దణ్ణం పెట్టి వెళ్ళిపోతాడు. మన వీధిలో అలా ఉండదు. ఇంట్లో అసలే ఉండదు. నాన్నగారి అప్పుకు ఏ పట్టికలోనూ గుర్తు పడదు. గణాంకశాస్త్రం కూడా అంతే. ఎంత చదివినా ఎంత శాతం పూర్తయిందో చెప్పేవాడు లేడు.

ఇక చెప్పకుండా దాటిపోదామనుకున్న సంగతి. ఒక రాత్రి నాయనమ్మ ఫోన్ చేసింది. ఆటలో మజిమా కథ మంచి పట్టు మీద ఉంది. కళ్ళు కనబడని ఒక అమ్మాయిని చంపమని అతనికి ఆజ్ఞ, చంపలేక దాచిపెట్టి కాపాడుతున్నాడు. నేను ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, రెండు చేతులతో ఆడుతూ ఊ, ఊ అంటున్నాను. చివర “సరేనా నాన్నా?” అంది. “ఊ” అన్నాను. పది రోజుల తర్వాత ఒక ఆదివారం తీరిక దొరికి ఫోన్ చేస్తే తెలిసింది, ఆవిడ కంటికి శుక్లం ఆపరేషన్ అయిపోయింది. ఆ రాత్రి చెప్పింది ఆ తేదీయే. నాన్నగారికి పనిలో సెలవు దొరకదని, వచ్చి ఆసుపత్రిలో తోడు ఉండమని నన్నడిగింది. పక్కింటావిడ తీసుకెళ్ళింది.

“చెప్పాను కదరా, ఊ కొట్టావుగా” అంది నాయనమ్మ. కోపంగా కూడా అనలేదు. ఊ కొట్టినవాడు విన్నాడనే ఆవిడ జీవితమంతా నమ్మింది.

ఎక్కడో చదివాను గదా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏమన్నదో వెతికాను. 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన వారి రోగాల వర్గీకరణ పదకొండో కూర్పులో ‘గేమింగ్ డిజార్డర్’ ఉంది. ఆట మీద అదుపు తప్పటం, మిగిలిన పనులకంటే దానికే అగ్రస్థానం ఇవ్వటం, నష్టం జరుగుతున్నా మానకపోవటం, ఇదంతా సాధారణంగా 12 నెలలపాటు కనబడటం. రోజుకు ఇన్ని గంటలు దాటితే రోగమన్న లెక్క అందులో ఎక్కడా లేదు. నేను మునిగింది నాలుగు నెలలే గనుక రోగిని కాను. ఆ సంగతి చదివి కొంత కుదుటపడ్డానని ఒప్పుకుంటాను. తర్వాత మళ్ళీ చదివాను. మూడింటిలో రెండో వాక్యం దగ్గర మాత్రం కుదుటపడలేకపోయాను.

ఆట మంచిదా చెడ్డదా అని అడిగితే, మంచిదే అంటాను. ఆ పిల్లవాడి వీడియో గేమ్ చివరకు ఎవరి చేతిలో దొరుకుతుందో తెలిసినప్పుడు నా కళ్ళు చెమర్చాయి. అలాంటి చోట్లు అందులో చాలా ఉన్నాయి. అందుకే గదా చిక్కు. పనికిమాలినదైతే నాలుగు రోజుల్లో విసుగొచ్చేది.

వేసవి సెలవుల్లో ఇంటికి వెళ్ళి ఇరవై రోజులున్నాను. కంటికి నల్లద్దాలు పెట్టుకుని నాయనమ్మ మంచం మీద కూర్చుంటే, మందు చుక్కలు వేసే పని నాది. చుక్కలు పడ్డాక కాసేపు కళ్ళు మూసుకోవాలి, ఊరికే ఉండలేదు. “ఏదీ, ఆ రోజు నువ్వు వింటున్న కథేదో చెప్పు” అంది. కోడి సంగతి చెప్పాను, నమ్మలేదు. పిల్లవాడి కథ చెప్పాను. ఊ కొడుతూనే ఉంది. మధ్యలో ఒకచోట నేను దాటేసిన సంగతి పట్టుకుని “మరి వాళ్ళమ్మ ఏమందిరా?” అని అడిగింది. ఆ కథలో వాళ్ళమ్మ ప్రస్తావన నాకెంత ఆలోచించినా గుర్తు రాలేదు.

గణాంకశాస్త్రం సప్లిమెంటరీ వచ్చే నెలలో ఉంది. ఆటను కంప్యూటర్లోంచి తీసెయ్యలేదు. తీసెయ్యమని గదిలోవాళ్ళు అంటున్నారు గాని మనసు రాలేదు. 100 ఉపకథల్లో 87 అయ్యాయి, 13 ఉన్నాయి.