ఎదిగే పిల్లలు – చాయ్, కాఫీ

"చాయ్ తాగితే నల్లగా అయిపోతావు!" పాతబస్తీలో పుట్టి పెరిగిన వారిలో ఈ బెదిరింపు విననివారు ఉండరు. దాదీలు, నానీలు మనకు చెప్పారు, మనం మన పిల్లలకు చెబుతున్నాం. పిల్లలు ఒకటి రెండేళ్లు భయపడతారు. రోజుకు ఆరు కప్పులు తాగే మామూ తెల్లగానే ఉన్నాడని గమనించిన రోజున ఆ భయం పోతుంది, కప్పు చేతికొస్తుంది. నిజానికి చర్మం రంగుకూ చాయ్‌కూ ఏ సంబంధమూ లేదు. "కాఫీ తాగితే పొడుగు పెరగరు" అనే మాట కూడా అలాంటిదే. కాఫీ వల్ల పిల్లల ఎత్తు ఆగిపోతుందని ఇప్పటివరకు రుజువు కాలేదు. కెఫీన్ వల్ల ఒంట్లోంచి కాస్త కాల్షియం పోయేమాట నిజమే కానీ, కప్పుకు రెండు చెంచాల పాలు కలిస్తే ఆ నష్టం పూడిపోతుంది.

అయితే పిల్లలకు చాయ్ ఇవ్వవచ్చా? ఇవ్వకూడదనే మేము అంటాం. దానికి కారణాలు వేరు. ఒకటి రక్తం, రెండోది నిద్ర.

సొసైటీ పని మీద ఉదయం పూట ఇళ్లకు వెళ్లినప్పుడు మాకు తరచూ కనిపించే దృశ్యం ఒకటుంది. బడి యూనిఫారం వేసుకున్న పిల్ల, ముందు సాసర్‌లో చల్లార్చిన చాయ్, పక్కన రెండు ఉస్మానియా బిస్కెట్లో రస్కులో. అదే నాష్తా. మధ్యాహ్నం బడిలో అన్నం పెట్టేదాకా కడుపులోకి ఇంకేమీ వెళ్లదు. ఏడాది నిండని బిడ్డకు కూడా బిస్కెట్‌ను చాయ్‌లో ముంచి తినిపించే తల్లులున్నారు. "పాలే కదా అందులో ఉన్నది" అంటారు. పేదరికం కొంత, తెల్లవారగానే పనికి పరుగెత్తాల్సిన తొందర కొంత. ఆ తల్లులను తప్పుపట్టడానికి మేము ఇది రాయడం లేదు.

తేయాకులో టానిన్లు అనే పదార్థాలుంటాయి. నాలుకకు తగిలే వగరు వాటిదే. పప్పు, ఆకుకూర, గోధుమ రొట్టె వంటి వాటిలోని ఇనుమును అవి కడుపులోనే పట్టి బంధిస్తాయి. ఆ ఇనుము రక్తంలోకి చేరకుండానే బయటికి పోతుంది. భోజనంతో పాటు చాయ్ తాగితే ఇలా నష్టపోయేది సగానికి పైనే ఉంటుంది. మన ఇరానీ చాయ్ డికాక్షన్‌ను మూత బిగించి గంటల తరబడి దమ్ మీద ఉంచుతారు, అందుకే అంత చిక్కన. పెద్దవాళ్లకు ఆ రుచే ప్రాణం. పిల్లవాడి పప్పన్నం మీద ఆ చిక్కదనం పడితే ఏమవుతుందో ఊహించండి. మాంసంలోని ఇనుముకు ఈ బెడద చాలా తక్కువ. కానీ రోజూ మాంసం వండుకునే ఇళ్లు మన గల్లీల్లో ఎన్ని?

ఇది చిన్న విషయం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతా చాయ్ వల్లనే అనడం అన్యాయం. తిండి చాలకపోవడం, కడుపులో నులిపురుగులు, తల్లికే రక్తం లేకపోవడం, ఇలా ఎన్నో కారణాలు. కానీ అసలే తక్కువ తినే పిల్లకు, తిన్నదానిలోని ఇనుమును కూడా ఒంటబట్టనివ్వని కప్పును పొద్దున్నే మనమే అందిస్తున్నాం. రక్తం తక్కువైన పిల్ల బడిలో పాఠం మీద మనసు నిలపలేదు, మెట్లెక్కితే ఆయాసపడుతుంది. దాన్ని మనం "బద్ధకం" అంటాం.

రక్తహీనత నివారణకు బడుల్లో వారానికొకసారి ఇనుము మాత్రలిస్తారు. 5 నుంచి 9 ఏళ్ల వారికి గులాబీ రంగువి, 10 నుంచి 19 ఏళ్ల వారికి నీలం రంగువి. వికారం పుడుతుందని కొందరు పిల్లలు ఆ మాత్రను ఇంటికి తెస్తారు, తల్లి చాయ్‌తో మింగిస్తుంది. అలా మింగిస్తే మాత్ర చాలావరకు వృథా. అన్నం తిన్నాక మంచినీళ్లతో వేసుకోవాలి, నిమ్మరసంతో అయితే ఇంకా మేలు. జామ, ఉసిరి, నిమ్మలోని విటమిన్ సి ఇనుమును ఒంటబట్టిస్తుంది.

ఇక నిద్ర. కాఫీ చరిత్రే దీన్ని చెబుతుంది. పదిహేనో శతాబ్దంలో యెమెన్ సూఫీలు రాత్రంతా జిక్ర్‌లో మెలకువగా ఉండటానికి కాఫీ తాగేవారు. హజ్ నుంచి తిరిగివస్తూ బాబా బుడన్ ఏడు కాఫీ గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటారని మన దేశంలో చెప్పుకుంటారు, ఆ కొండలకు ఆయన పేరే ఉంది. పెద్దలు నిద్రను ఆపుకోవడానికి వెతుక్కున్న పానీయం ఇది. పిల్లలకు కావలసింది సరిగ్గా దానికి విరుద్ధం. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలు రోజుకు 9 నుంచి 12 గంటలు నిద్రపోవాలి.

పగలంతా మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ "ఇక పడుకో" అని చెబుతుంటుంది. అది చేరాల్సిన చోట్లను కెఫీన్ ముందే ఆక్రమిస్తుంది. అలసట పోదు, తెలియకుండా పోతుందంతే. తాగిన కెఫీన్‌లో సగం పోవడానికే పెద్దవారికి సుమారు ఐదు గంటలు పడుతుంది. మగ్రిబ్ తర్వాత తాగిన చాయ్ పడుకునే వేళకు ఒంట్లోనే ఉంటుంది. రంజాన్‌లోనైతే ఇఫ్తార్ తర్వాత చాయ్, తరావీహ్ తర్వాత బజారులో మళ్లీ చాయ్, అంతలోనే సహరీ. ఆ పిల్లలు తరగతిలో కునికిపాట్లు పడటంలో వింతేముంది?

ఎంతైతే ఎక్కువ? జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో, అంటే మన నగరంలోనే ఉంది. దాని లెక్క ప్రకారం 150 మిల్లీలీటర్ల కప్పు టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, మరగకాచిన కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. పిల్లలకు కిలో బరువుకు రోజుకు 2.5 మిల్లీగ్రాములు దాటకూడదని కెనడా ఆరోగ్య శాఖ చెబుతోంది. ఇరవై కిలోల పిల్లకు అది 50 మిల్లీగ్రాములు. గట్టి చాయ్ ఒక్క కప్పుతోనే ఆ హద్దు దాటవచ్చు. అమెరికా పిల్లల వైద్యులైతే పిల్లలకు కెఫీన్ అసలే వద్దంటున్నారు.

చాయ్ కన్నా మాకు ఎక్కువ దిగులు పుట్టిస్తున్నవి కిరాణా కొట్లలో వేలాడే ఎనర్జీ డ్రింకులు. లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల కెఫీన్‌ను మన ఆహార భద్రతా నిబంధనలు అనుమతిస్తాయి, అంటే పావు లీటరు సీసాలో 75 వరకు ఉండవచ్చు. పిల్లలకు తగదని ఆ సీసా మీదే రాసి ఉంటుంది, కానీ చీమలంత అక్షరాల్లో. క్రికెట్ ఆడి చెమటతో వచ్చిన కుర్రాళ్లు దాన్ని షర్బత్‌లా గటగటా తాగేస్తారు. పదో తరగతి పరీక్షలప్పుడు ఇదీ, కాఫీ పొడి ప్యాకెట్లూ చదువు మందులైపోయాయి.

"మా బిడ్డకు పొద్దున చాయ్ పడకపోతే తలనొప్పి" అని కొందరు తల్లులు మాతో అన్నారు. ఆ తలనొప్పి చాయ్ అలవాటు తెచ్చిపెట్టిందే. ఒక్కసారిగా మానిపిస్తే రెండు మూడు రోజులు చిరాకు, తలనొప్పి ఉంటాయి. అందుకే మొదటి వారం అరకప్పు, తర్వాత పావు, పాలు ఎక్కువ, డికాక్షన్ తక్కువ. సాయంత్రం కప్పును ముందు మానిపించండి, పొద్దుటిది తర్వాత. దాని స్థానంలో ఖరీదైన డబ్బా పొడులేవీ అక్కర్లేదు. ఉడికించిన గుడ్డు, రాగి జావ, రాత్రి నానబెట్టిన శనగలు, బెల్లం వేసిన పల్లీలు చాలు. పాలు మంచివే, కానీ వాటిలో ఇనుము దాదాపు ఉండదు, పాలతోనే కడుపు నింపితే అదీ రక్తహీనతకే దారి. పెద్దవారు కూడా భోజనానికి గంట ముందు, గంట తర్వాత చాయ్ ముట్టకుండా ఉంటే మేలు. ముఖ్యంగా గర్భిణులు, పాలిచ్చే తల్లులు.

పిల్ల ముఖం పాలిపోయినట్టున్నా, మట్టి, బలపం తింటున్నా చాయ్ ఆపి ఊరుకోకండి. దగ్గరలోని బస్తీ దవాఖానాలో రక్తం చూపించండి. 5 నుంచి 11 ఏళ్ల పిల్లకు హిమోగ్లోబిన్ 11.5 గ్రాముల కన్నా తక్కువుంటే అది రక్తహీనతే, మందు డాక్టరు చెప్పినన్నాళ్లూ వాడాలి. చాలామంది బుగ్గలకు కాస్త రంగు రాగానే ఆపేస్తారు. ఒంట్లో ఇనుము నిల్వ నిండటానికి ఆ తర్వాత కూడా కొన్ని నెలలు పడుతుంది.