బోడికొండ నీడలో సెయింట్ పియెర్

ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల నడుమ విస్తరించిన కరీబియన్ సముద్రానికి తూర్పు అంచున చిన్న చిన్న దీవులు వంచిన విల్లువలె బారులు తీరి ఉంటాయి. వాటిని లెస్సర్ ఆంటిలీస్ అంటారు. అట్లాంటిక్ సముద్రగర్భంలోని శిలాఫలకం కరీబియన్ ఫలకం కిందికి మెల్లమెల్లగా చొచ్చుకుపోతూ ఉంటుంది. అలా దిగే ఫలకం విడిచే నీరు రాయి కరిగే ఉష్ణోగ్రతను తగ్గించడం వల్ల భూమి లోతుల్లో రాయి కరిగి పైకి ఉబుకుతుంది. ఈ దీవులలో పెక్కు అలా పుట్టినవే. వాటిలో మార్టినిక్ ఒకటి. దానికి ఉత్తరాన డొమినికా, దక్షిణాన సెయింట్ లూసియా ఉన్నాయి. వైశాల్యం పదకొండు వందల చదరపు కిలోమీటర్లకు కొద్దిగా ఎక్కువ. సముద్రాలకు ఆవల ఉన్నా అది నేటికీ ఫ్రాన్సు దేశంలో అంతర్భాగమే.

ఆ దీవి ఉత్తర భాగంలో పెలే అనే అగ్నిపర్వతం ఉంది. దాని ఎత్తు సుమారు 1,397 మీటర్లు. ఫ్రెంచి భాషలో ‘పెలే’ అంటే బోడి అని అర్థం. తెలుగువాడైతే దానిని బోడికొండ అనే పిలిచి ఉండేవాడు. ఆ కొండకు దక్షిణంగా, ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో, పడమటి తీరాన సెయింట్ పియెర్ నగరం వెలసింది. 1635వ సంవత్సరంలో ఎస్నాంబుక్ అనే ఫ్రెంచి సాహసికుడు తన అనుచరులతో అక్కడ దిగి కోట కట్టాడు. అప్పటికే ఆ దీవిలో నివసిస్తున్న కరీబు జాతివారు కొన్ని దశాబ్దాలలోనే తమ నేలను కోల్పోయారు. వారి పేరు సముద్రానికి మిగిలింది.

నగరానికి ఆ చోటును ఎంచుకోవడంలో భూగోళ పరిస్థితుల పాత్ర తక్కువ కాదు. ఆ ప్రాంతంలో గాలులు ఏడాదిలో ఎక్కువ కాలం తూర్పు నుండి వీస్తాయి. తూర్పు తీరాన అట్లాంటిక్ అలలు విరుచుకుపడుతుంటే, కొండల చాటున ఉన్న పడమటి తీరం ప్రశాంతంగా ఉంటుంది. పైగా సెయింట్ పియెర్ ఎదుట సముద్రగర్భం ఒక్కసారిగా లోతుకు దిగుతుంది. అందువల్ల పెద్ద నావలు సైతం తీరానికి చేరువగా వచ్చి లంగరు వేయగలిగేవి. ఓడలు ఆనుకొని నిలిచేందుకు గట్టు అవసరం లేకపోయింది. చక్కెర పీపాలను, రమ్ పీపాలను ఇసుక ఒడ్డు వరకు దొర్లించి, పడవలలో ఎక్కించి ఓడలకు చేర్చేవారు. ఇక నేల సంగతి: యుగయుగాలుగా కొండ వెదజల్లిన బూడిద మాగి సారవంతమైన మట్టి అయింది. శిఖరం మీద కురిసే వానలు ఏరులై దిగివచ్చేవి. చెరకు ఏపుగా పెరగడానికి ఇంతకంటె ఏమి కావాలి? నగరం తిన్న తిండి, కట్టిన మేడలు, చేసిన వ్యాపారం, అన్నీ ఆ కొండ పెట్టిన భిక్షే.

పంతొమ్మిదో శతాబ్ది నాటికి సెయింట్ పియెర్‌ను ‘ఆంటిలీస్ దీవుల పారిస్’ అని పిలిచేవారు. పరిపాలన, సైన్యం దక్షిణాన ఉన్న ఫోర్ట్ డి ఫ్రాన్స్‌లో ఉండేవి. వర్తకం, వినోదం, విద్య సెయింట్ పియెర్‌లో. సముద్రానికీ నిట్రమైన కొండవాలుకూ మధ్య ఇరుకైన పట్టీవలె ఆ నగరం సాగింది. రోక్సలాన్ అనే నది దానిని రెండుగా చీల్చింది. పసుపు గోడలు, ఎర్రని పెంకుల కప్పులు, మెట్లు మెట్లుగా ఎక్కే వీధులు, వీధి అంచుల కాలువలలో గలగల పారే కొండనీరు: ఇవి బాటసారిని ఆకట్టుకొనేవి. ఎనిమిది వందల మంది కూర్చోదగిన నాటకశాల, వృక్షశాస్త్ర ఉద్యానం, గుర్రాలు లాగే ట్రాము, తరువాతి కాలంలో విద్యుద్దీపాలు, టెలిఫోను కూడా అక్కడ ఉండేవి. లాఫ్‌కాడియో హెర్న్ అనే రచయిత 1887 నుండి సుమారు రెండేళ్లు అక్కడే ఉండి ఆ జీవితాన్ని గ్రంథస్థం చేశాడు. ఆ నగరం ఎలా ఉండేదో నేడు తెలియడానికి ఆయన రచన ఒక ముఖ్య ఆధారం.

అయితే ఈ వైభవం పునాదులలో బానిసల చెమట ఉంది. ఆఫ్రికా నుండి ఓడలలో కుక్కి తెచ్చిన మనుషులు చెరకు తోటలలో తరతరాలు మగ్గిపోయారు. ఫ్రెంచి ప్రభుత్వం 1848 ఏప్రిల్ 27న బానిసత్వాన్ని రద్దు చేస్తూ ఉత్తర్వు జారీ చేసింది. ఆ ఉత్తర్వును తెచ్చే ఓడ ఇంకా సముద్రం మీద ఉండగానే, సెయింట్ పియెర్ పరిసరాలలో రొమేన్ అనే బానిస డప్పు వాయించినందుకు బంధింపబడ్డాడు. దానితో జనం తిరగబడ్డారు. మే 22న నగరం రగిలింది. మరునాడే గవర్నరు బానిసత్వం రద్దయినదని ప్రకటించక తప్పలేదు. పారిస్ ఇచ్చిన స్వేచ్ఛ ఓడ దిగకముందే ఆ జనం దానిని సాధించుకున్నారు. మార్టినిక్‌లో నేటికీ మే 22 సెలవుదినం.

బానిసలు విముక్తులైన పిదప తోటల యజమానులకు కూలీల కొరత ఏర్పడింది. అప్పుడు వారి చూపు భారతదేశంపై పడింది. పుదుచ్చేరి, కారైకాల్, యానాం అప్పట్లో ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేవి. ఒప్పందపు కూలీలుగా బయలుదేరిన 313 మంది భారతీయులతో ‘అరేలీ’ అనే ఓడ 1853 మే 6న సెయింట్ పియెర్ రేవు చేరింది. ఆపై సుమారు ముప్పై ఏళ్లలో పాతిక వేల మందికి పైగా వచ్చారు. వారిలో అధికులు తమిళులు, తెలుగువారూ కొందరున్నారు. గడువు తీరాక కొందరు తిరిగి వెళ్లారు, ఎందరో అక్కడి మట్టిలోనే కలిసిపోయారు. వారి సంతతివారు దీవి ఉత్తర భాగంలో మారియమ్మ కొలుపులు నేటికీ జరుపుకొంటారు. వారి నుండి వచ్చిన మసాలా కూర ‘కొలొంబో’ అనే పేరుతో మార్టినిక్ ప్రజలందరి వంటకమైంది. మాటలు పోయినా రుచి నిలిచింది.

బోడికొండ అప్పుడప్పుడు కదిలిన సంగతి నగరవాసులు ఎరుగుదురు. 1792లో ఒకసారి, 1851లో మరొకసారి అది కొద్దిపాటి బూడిద చల్లి ఊరకుండిపోయింది. 1851 నాటి ముచ్చటను పెద్దలు కథగా చెప్పుకొనేవారు. ఆ అనుభవం మేలు చేయలేదు సరికదా, కొండ గర్జిస్తుందే కాని కరవదు అనే ధీమాను మిగిల్చింది. ఆదివారాలలో జనం శిఖరం దాకా వనవిహారానికి వెళ్లేవారు.

1902 ఏప్రిల్ మూడవ వారం దాటాక కొండపై పొగలు దట్టమయ్యాయి. భూమి స్వల్పంగా కంపించింది. గంధకపు వాసన వీధులను ముంచెత్తింది. మే 2వ తేదీ రాత్రి ఉరుముల వంటి చప్పుళ్లతో బూడిద వాన కురిసింది. తెల్లవారేసరికి కప్పులు, చెట్లు, వీధులు మంచు పడినట్లు తెల్లబోయాయి. పక్షులు నేలరాలాయి. పశువులకు మేత కరవైంది. మే 5న కొండ శిఖరంలోని బిలంలో నిండిన నీరు గట్టు తెంచుకొని, మరిగే బురదవరదగా బ్లాంష్ నది లోయ వెంట దూకింది. నది ముఖద్వారాన ఉన్న గెరాన్ చక్కెర కర్మాగారం క్షణాలలో బురద కింద పూడిపోయింది. అందులోనివారు ఇరవై మందికి పైగా మరణించారు. ఆ పొగగొట్టం ఒక్కటే బురద పైకి కనిపించింది.

ఇన్ని హెచ్చరికలు కళ్ల ఎదుట ఉండగా నగరం ఎందుకు ఖాళీ కాలేదు? దీనికి చెప్పే సమాధానాలలో ఎన్నికల కథ మిక్కిలి ప్రచారం పొందింది. ఫ్రెంచి పార్లమెంటుకు రెండవ విడత పోలింగు మే 11న జరగవలసి ఉంది. ఓటర్లు చెదిరిపోకుండా గవర్నరు లూయీ మూతే సైనికులను కాపలా పెట్టి ప్రజలను అడ్డగించాడని చాలామంది రాశారు. చరిత్రకారులు ఎందరో దీనిని అంగీకరించరు. జనం కొందరు వెళ్లిపోయారు. పల్లెల నుండి భయంతో నగరానికి వచ్చి చేరినవారు అంతకంటె అధికం. గవర్నరు స్వయంగా భార్యతో కలిసి మే 7న సెయింట్ పియెర్ చేరాడు. ఇతరులను మృత్యువు నోటిలో నిలబెట్టదలచినవాడు తన ఇల్లాలిని వెంటబెట్టుకొని వస్తాడా?

అసలు లోపం మరొకటి. గవర్నరు ఒక సంఘాన్ని నియమించాడు. అందులో లిసే అనే ఉన్నత పాఠశాలలో శాస్త్రబోధకుడైన గాస్తన్ లాండ్ ఉన్నాడు. వారు నాటి విజ్ఞానం మేరకు ఆలోచించారు. అగ్నిపర్వతం నుండి వచ్చే ముప్పు లావా, లేదా బురద. రెండూ పల్లానికే పారతాయి. బిలానికీ నగరానికీ మధ్య లోయలున్నాయి. ఏది వచ్చినా ఆ లోయల వెంట సముద్రంలోకే జారిపోతుంది. కాబట్టి సెయింట్ పియెర్‌కు భయం లేదని వారు తేల్చారు. తర్కంలో దోషం లేదు. కాని ఆ కొండ నుండి రానున్నది లావా కాదు, బురద కాదు. దానికి అప్పటికి శాస్త్రంలో పేరైనా లేదు. అదే మే 7న దక్షిణాన సెయింట్ విన్సెంట్ దీవిలోని సుఫ్రియేర్ పేలి సుమారు పదహారు వందల మంది చనిపోయారు. ఆ వార్త విని, భూగర్భంలోని ఒత్తిడి అక్కడ తీరినదని, ఇక్కడి కొండ చల్లబడుతుందని కొందరు సంతోషించారు కూడా. నేపుల్స్‌కు చెందిన ఓడ నాయకుడొకడు వెసూవియస్‌ను చూసినవాడు కావడంతో, సరుకు సగమే నిండగా, అధికారులు వారించినా వినక లంగరు ఎత్తి వెళ్లిపోయాడని చెబుతారు.

మే 8 గురువారం, క్రీస్తు ఆరోహణ పండుగ. ఉదయం ఎనిమిది గంటలు కావస్తుండగా కొండ ఒక పక్క చీలినట్లు పెద్ద చప్పుడైంది. నల్లని మేఘం పైకి లేవక, వాలు వెంట దొర్లుతూ దిగింది. నిప్పువంటి వాయువులు, బూడిద, రాళ్లు కలిసిన ఆ మేఘం గాలికంటె బరువైనది. అది లోయల వెంట సాగింది, లోయలను దాటి మిట్టల మీదుగానూ దొర్లింది. రెండు నిమిషాలలో నగరాన్ని కమ్మేసింది. గోదాములలోని రమ్ పీపాలు భగ్గుమన్నాయి. రేవులోని ఓడలు తలకిందులయ్యాయి, తగలబడ్డాయి. ‘రోడమ్’ అనే ఓడ ఒకటి కాలుతూనే తప్పించుకొని సెయింట్ లూసియా చేరింది. ఇంచుమించు ఇరవై ఎనిమిది వేల మంది మరణించారు. గవర్నరు దంపతులు, లాండ్ కూడా వారిలో ఉన్నారు. కొండకు ఎదురుగా నిలిచిన గోడలు కూలిపోయాయి; దెబ్బ తగిలిన దిశకు సమాంతరంగా ఉన్న గోడలు చాలా చోట్ల నిలిచాయి. తరువాత వచ్చిన శాస్త్రజ్ఞులు ఆ గోడలను చదివే మేఘం ఏ దిశ నుండి వచ్చిందో గ్రహించారు.

నగరంలో బతికి బయటపడినవారు వేళ్ల మీద లెక్కించదగినవారే. లేయాండ్ర్ అనే చెప్పులు కుట్టే యువకుడు కాలిన గాయాలతో పరుగెత్తి బయటపడ్డాడు. చెరసాలలో మందమైన రాతి గోడల కొట్టులో ఉన్న సిపారిస్ అనే ఖైదీని మూడు రోజుల తరువాత గుర్తించి వెలికితీశారు. సిపారిస్ తరువాత అమెరికాలోని బార్నమ్ అండ్ బెయిలీ సర్కస్ వెంట ఊరూరా తిరిగి తన కాలిన వీపును జనానికి చూపి బతికాడు. అతడిని కాపాడింది శిక్షే. ఆ ఏడాది ఆగస్టు 30న కొండ మళ్లీ విరుచుకుపడి మోర్న్ రూజ్ తదితర గ్రామాలలో మరో వెయ్యి మందికి పైగా ప్రాణాలను బలిగొన్నది.

ఆ వేసవిలోనే ఫ్రాన్సు నుండి ఆల్‌ఫ్రెడ్ లక్రువా అనే భూశాస్త్రజ్ఞుడు వచ్చాడు. నెలల తరబడి అక్కడే ఉండి, అట్టి మేఘాలు మళ్లీ దిగుతుంటే కళ్లారా చూశాడు. వాటికి ‘జ్వలించే మేఘం’ అనే అర్థం వచ్చే ఫ్రెంచి పేరు పెట్టి 1904లో బృహద్గ్రంథం ప్రకటించాడు. అగ్నిపర్వతాలలో ఇటువంటి విస్ఫోటనం చేసేవాటిని నేటికీ ‘పెలియన్’ అనే వ్యవహరిస్తారు. కొండ పేరు శాస్త్రపదమైంది. ఆ జ్ఞానానికి అయిన ఖరీదు ఒక నగరం. అయినా అది వృథా పోలేదు. 1929లో కొండ మళ్లీ మేల్కొని మూడేళ్లు రగిలింది. అప్పుడూ జ్వలించే మేఘాలు దిగాయి. ఈసారి ప్రజలను ముందే తరలించారు. ఒక్క ప్రాణం పోలేదు. ఫ్రాంక్ పెరెట్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు కొండవాలుపై చిన్న గుడిసెలో ఉండి ఆ విస్ఫోటనాన్ని పరిశీలించాడు. 1933లో ఆయన సెయింట్ పియెర్‌లో ఒక ప్రదర్శనశాల నెలకొల్పాడు. వేడికీ దెబ్బకీ నలిగి వంకరపోయిన చర్చిగంట, కరిగి ముద్దయిన గాజు పాత్రలు అందులో ఉన్నాయి.

వర్తకం ఫోర్ట్ డి ఫ్రాన్స్‌కు తరలిపోయింది. మరి తిరిగి రాలేదు. 1910లో సెయింట్ పియెర్ పురపాలక ప్రతిపత్తిని రద్దు చేసి పొరుగున ఉన్న కార్బే గ్రామంలో కలిపారు. అయినా జనం ఒక్కొక్కరుగా వచ్చి చేరారు. 1923లో ప్రతిపత్తి తిరిగి లభించింది. నేడు అక్కడి జనసంఖ్య సుమారు నాలుగు వేలు. 2023లో పెలే పర్వతాన్ని, దీవి ఉత్తర భాగపు శిఖరాలను, అరణ్యాలను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కొండపై భూకంపమాపకాలు రాత్రింబగళ్లు పనిచేస్తున్నాయి. 2019 నుండి లోపలి ప్రకంపనలు పెరగడం గమనించి 2020 డిసెంబరులో అధికారులు హెచ్చరిక స్థాయిని పసుపుకు పెంచారు. నాటకశాల మెట్లు, సిపారిస్ కొట్టు యథాతథంగా నిలిచి ఉన్నాయి. మునిగిన ఓడలు రేవు అడుగున ఒరిగి ఉంటే, ఈతగాళ్లు దిగి చూసి వస్తారు. వీధులలో కొన్ని ఇళ్లకు మూడు గోడలు కొత్తవి. నాలుగోది 1902 నాటి గోడ.