బక్‌స్కిన్ గోడల మీద ఎరువు వెలుగు

బక్‌స్కిన్ గల్చ్‌లో ఫొటోలు తీసే పని ముందురోజు రాత్రి వాతావరణ సూచన చూడటంతో మొదలవుతుంది. బక్‌స్కిన్ గల్చ్ ఉన్నది అమెరికాలో, యూటా-అరిజోనా సరిహద్దున. ఇది స్లాట్ కాన్యన్, అంటే వరదనీరు ఇసుకరాయిని కోసి చేసిన ఇరుకు లోయ. పొడవు 20 కిలోమీటర్ల పైమాటే. ఎక్కడో ఎగువన కురిసిన వాన ఇక్కడ వరదై దిగుతుంది. లోపలున్నవాళ్ల నెత్తిన అప్పుడూ ఎండే ఉండొచ్చు. అందుకే వాన మాట వినబడితే ఫొటోగ్రాఫర్ బయలుదేరడు.

లోయలోకి వెళ్లాలంటే రుసుము కట్టాలి. అక్కడికి వెళ్లే మట్టిరోడ్డు తడిస్తే కారు కదలదు. నడకదారి మొదలయ్యే వైర్ పాస్ దగ్గర కారు ఆపి, నాలుగు లీటర్ల నీళ్లతో నడక మొదలుపెడతాడు. వెడల్పు కోణం లెన్సును కారు దగ్గరే బిగిస్తాడు. లోపల లెన్సు మార్చితే సన్నటి ఇసుక సెన్సర్ మీదికి చేరుతుంది.

దాదాపు 2.7 కిలోమీటర్లు నడిస్తే బక్‌స్కిన్‌లో అడుగుపెడతాం. దారిలోనే గోడలు భుజాలకు తగిలేంత దగ్గరకొస్తాయి. తలెత్తితే రెండు గోడల మధ్య అడ్డంగా ఇరుక్కున్న మాను కనిపిస్తుంది. దాన్ని అక్కడ పెట్టింది వరదే. రాత్రి సూచన ఎందుకు చూశాడో వేరే చెప్పనక్కర్లేదు.

అసలు పని వెలుగును వెతకడం. ఎండ నేరుగా పడ్డ రాయి ఫొటోలో తెల్లగా పాలిపోతుంది. కావలసింది ఎదుటి గోడకు తగిలి, అక్కణ్ణుంచి ఇటు పడే ఎరువు వెలుగు. పొద్దు నడినెత్తికి చేరే వేళ ఒక మలుపులో నిలబడి చూస్తే, పైన పసుపు, కాస్త కింద నారింజ, నేల దగ్గర ఆకాశపు నీలం కలిసిన ఊదా. గాలి పేర్చిన పాత ఇసుకదిబ్బల పొరలు ఆ రంగుల్లో గీతగీతగా తేలతాయి. ఆకాశం ముక్క గానీ, ఎండ పడ్డ చోటు గానీ ఫ్రేములోకి రానివ్వకూడదు. కెమెరాను ఒక జానెడు జరిపితే చాలు, ఫొటో నిలిచేదీ పాడయ్యేదీ అక్కడే తేలిపోతుంది.

ట్రైపాడ్ కాళ్లను ఇసుకలోకి గట్టిగా నొక్కుతాడు. ఐఎస్ఓ, అంటే సెన్సర్ సున్నితత్వం, 100; అపర్చర్, అంటే లెన్సు రంధ్రం, ఎఫ్/11; షట్టర్ తెరిచి ఉండేది 2 నుంచి 8 సెకన్లు. చీకటి మూలలో ఫోకస్ దొరక్కపోతే టార్చి వేసి కుదిర్చి, ఆర్పేస్తాడు. వైట్ బ్యాలెన్స్, అంటే రంగుల తూకం, పగటి వెలుగుకు కట్టేస్తాడు. ఆటోలో వదిలేస్తే కెమెరా ఆ నారింజను తప్పనుకుని దిద్దేస్తుంది. ఒకే ఫ్రేమును వేర్వేరు షట్టర్ వేగాలతో మూడుసార్లు, కెమెరా దిద్దని రా ఫైల్‌గా తీస్తాడు. వేలి అదురు తగలకుండా రెండు సెకన్ల టైమర్ పెడతాడు. ఎవరైనా నడిచి వెళితే దుమ్ము అణిగేదాకా ఆగాల్సిందే.

గదికి చేరాక ముందు ట్రైపాడ్ కీళ్లు విప్పి, ఇసుక పోయేలా మంచినీళ్లతో కడుగుతాడు. ఆ తర్వాతే కంప్యూటర్. నీడల్ని కొద్దిగా లేపి, వెలుగుల్ని కొద్దిగా దించుతాడు. రంగు గాఢత మీటను చాలామంది చివరిదాకా తోసేస్తారు. రాయి అగ్గిలా మండిపోతుంది గానీ ఊదా మాయమవుతుంది. చేయి తిరిగినవాడు ఆ మీట జోలికే పోడు.