మొసళ్ళ బ్యాంకు

చెన్నపట్టణమునుండి మహాబలిపురమునకు సముద్రతీరపు బాట వెంట పోవువారికి సుమారు 40 కిలోమీటర్ల దూరమున, వడనెమ్మెలి యను గ్రామమున, ఎడమచేతివైపున ఒక ప్రహరీగోడ కానవచ్చును. ద్వారముపై నున్న పేరు చదివినవారు ఒక్క క్షణము ఆగక మానరు. ధనమును దాచు బ్యాంకులను మనమెఱుగుదుము. మొసళ్ళను దాచు బ్యాంకు ఎక్కడిది?

మద్రాసు మొసళ్ళ బ్యాంకు 1976వ సంవత్సరమున స్థాపింపబడినది. దీనిని నెలకొల్పినవారిలో ముఖ్యుడు రోములస్ విటేకర్. ఆయన అమెరికాలో జన్మించి, బాల్యమునుండియు భారతదేశమున పెరిగి, పాములను గూర్చియు మొసళ్ళను గూర్చియు జీవితమంతయు పరిశ్రమ చేసినవాడు. అంతరించిపోవుచున్న జాతిని కొంత మూలధనముగా భద్రపఱచి, వృద్ధిచేసి, ఆ వడ్డీని తిరిగి నదులకును చెరువులకును చెల్లింపవలెనన్నదే ఆ పేరులోని భావము.

భావము బాగుగనే యున్నది. కాని అడవిప్రాణిని గోడల నడుమ పెంచి, రుసుము పుచ్చుకొని చూపి, దానికి సంరక్షణమని పేరు పెట్టుట వింతప్రదర్శనము కాదా యని నాకొక సందేహము ఎల్లప్పుడును కలదు. వేసవి సెలవులలో మనుమని వెంటబెట్టుకొని అచటికి పోయినపుడును ఆ సందేహము నాతోడనే లోనికి వచ్చినది.

లోపల చెట్లనీడలో తొట్లవంటి మడుగులు, చుట్టును మొలబంటి గోడలు. ఒడ్డున మొసళ్ళు ఒకదానిపై నొకటి కట్టెలమోపువలె పడియున్నవి. కొన్ని నోళ్ళు తెఱచికొని యున్నవి. అది కోపము కాదు. ఒంటివేడిని తగ్గించుకొను ఉపాయము. “తాతయ్యా, ఇవి బొమ్మలా?” అని మా మనుమడు అడిగెను. ప్రక్కనున్న యాత్రికుడొకడు అదే సందేహము తీర్చుకొనుటకై గులకరాయి విసరెను. మొసలి కదలలేదు. పనిలేనిదే కదలకుండుట దాని స్వభావము. ఇచ్చిన రుసుమునకు అది కదలితీరవలెనని కోరు యాత్రికుల తెలివిని ఏమందుము?

నా సందేహము న్యాయమైనదా కాదా యని తేల్చుటకు కొంత పూర్వకథ తెలియవలెను. మన దేశపు జలములలో మొసళ్ళు మూడుజాతులు. చెరువులలోను నదులలోను నుండు మగ్గరు మొదటిది. గజేంద్రమోక్షకథ వినినవారందఱును మకరి నెఱుగుదురు; మగ్గరు అను మాటయు ఆ మకరశబ్దమునుండి పుట్టినదే. సముద్రతీరపు ఏటిమొగలలో నుండు ఉప్పునీటి మొసలి రెండవది. ఉత్తరదేశపు నదులలో చేపలు తిని బ్రదుకు సన్ననిమూతి ఘరియాలు మూడవది. మగ ఘరియాలు ముక్కుకొనపై చిన్న కుండవంటి బుడిపె యుండును. హిందీలో కుండకు ‘ఘడా’ అని పేరు. దానినిబట్టియే ఆ జంతువునకు ఆ పేరు కలిగినది.

తోలుకొఱకై వేటాడుటచేతను, గ్రుడ్లను దోచుటచేతను, నదులకు ఆనకట్టలు కట్టుటచేతను ఈ మూడుజాతులును క్షీణించినవి. 1970 తరువాతి నాలుగైదేండ్లకు అడవిలో మిగిలిన ఘరియాళ్ళు రెండువందలకు మించవని పరిశోధకులు అంచనా వేసిరి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. 1975లో ప్రభుత్వము ఐక్యరాజ్యసమితి సహాయముతో మొసళ్ళ సంరక్షణ పథకమును ప్రారంభించెను.

పథకములోని ఉపాయము సులభమైనదే. మగ్గరు ఆడది వేసవికి ముందు ఇసుకలో గుంట త్రవ్వి ఇరువదియైదు, ముప్పది గ్రుడ్లు పెట్టును. వానకాలము వచ్చులోపల పిల్లలు వెడలును. జానెడు పొడవైన ఆ పిల్లలను గ్రద్దలు, కొంగలు, పెద్దచేపలు తినివేయును. గ్రుడ్లుగా నుండగానే ఉడుములును ముంగిసలును నక్కలును కొన్నింటిని హరించును. ఇన్ని గండములు దాటి పెద్దవగునవి మిక్కిలి కొద్ది. కావున గ్రుడ్లను తెచ్చి పొదిగించి, పిల్లలను ఒక మీటరు దాటువఱకు పెంచి, పిమ్మట నీటిలో విడిచినచో ఆ నష్టము తప్పునని తలచిరి.

వడనెమ్మెలిలో ఈ పని అనుకొన్నదానికంటె బాగుగా సాగెను. కడుపునిండ తిండి దొరకుటచే అచటి మగ్గరు ఆడవి ఒకే ఋతువులో రెండుమాఱులు గ్రుడ్లు పెట్టినవి. పరిశోధకులు అచట మఱికొన్ని వింతలు కనుగొనిరి. గ్రుడ్డులోని పిల్ల ఆడదగునో మగదగునో నిర్ణయించునది గూటిలోని వేడి. 31 డిగ్రీలు గాని, అంతకు తక్కువ గాని యున్నచో అన్నియు ఆడవే. 32.5 డిగ్రీల దగ్గర అధికభాగము మగవి. ఇసుకగుంట నీడలో నున్నదా, ఎండలో నున్నదా యను చిన్న భేదమే ఒక తరములోని ఆడమగల లెక్కను మార్చివేయును. తండ్రిమొసలి సయితము అపుడే పుట్టిన పిల్లలను నోట కఱచుకొని నీటికి చేర్చుటను అచట చూచిరి. మొసలిని క్రూరత్వమునకు మాఱుపేరుగా వాడు మన కథకులు ఈ సంగతి వినవలసినది.

1978లో ఏర్పడిన, పాములను పట్టు ఇరుళజాతివారి సహకార సంఘము కూడ ఈ ఆవరణలోనే పనిచేయుచున్నది. పాముకాటు మందునకు కావలసిన విషమును వారు యాత్రికుల యెదుటనే తీయుదురు. ఎక్కువ మంది గుమికూడునది అచటనే.

ఇక బ్యాంకు లెక్కకు వత్తము. తొలి ఏండ్లలో ఇచటినుండి వేయికి మించిన మొసళ్ళు వివిధ రాష్ట్రముల జలములకును ఇతర కేంద్రములకును పోయినవి. తరువాత చెల్లింపులు నిలిచిపోయినవి. 1990 తరువాతి కాలమున, విడువదగిన చోటు లేదని ప్రభుత్వము మగ్గరులను విడుచుటనే ఆపివేసెను. ఎనిమిదిన్నర ఎకరములలో మొదలైన కేంద్రమున మొసళ్ళు వేలసంఖ్యలో పెరిగినవి. పిల్లలను పుట్టించుటకంటె పుట్టకుండ చూచుటయే పెద్దపని యైనది. గ్రుడ్లను పొదగనీయక తీసివేయవలసి వచ్చెను. ఆడమగలను వేఱువేఱు మడుగులలో నుంచవలసి వచ్చెను.

చోటు లేదనగా నీరు లేదని కాదు. కేరళదేశమున నెయ్యారు జలాశయములో విడిచిన మగ్గరులు పెద్దవై, స్నానమునకును నీటికిని దిగిన మనుష్యులను గాయపఱచినవి. ప్రజలు ఆందోళన చేసిరి. మొసళ్ళను తిరిగి పట్టి కంచెలో పెట్టవలసి వచ్చెను. మొసలిని కాపాడుమని పట్టణమున కూర్చుండి చెప్పుట సులభము. చెఱువునకు బిందెతో పోవు తల్లికి ఆ మాట ఎట్లు చెప్పుదుము? ఆమె భయము అజ్ఞానమని త్రోసివేయువారితో నేను ఏకీభవింపను. అయితే కలసి బ్రదుకుట అసాధ్యమనియు అనజాలము. హైదరాబాదునకు త్రాగునీరిచ్చు మంజీరా జలాశయము 1978నుండి అభయారణ్యము; అచట మగ్గరులు నేటికిని ఉన్నవి.

ఘరియాలు మనుష్యుల జోలికి రాదు. దాని కథ మగ్గరు కథకు తలక్రిందులు. ప్రభుత్వ కేంద్రములు వేలకొలది ఘరియాలు పిల్లలను పెంచి విడిచినవి. అయినను 2006 నాటికి పెద్దవి రెండువందలకంటె తక్కువయని తేలెను. మరుసటి సంవత్సరమే దానిని అత్యంత ప్రమాదస్థితిలో నున్న జాతిగా ప్రకటించిరి. విడిచిన పిల్లలేమైనవి? ఇసుకతిన్నెలను లారీలు ఎత్తుకొనిపోయినవి. గ్రుడ్లు పెట్టుటకు చోటు లేకపోయెను. వలలలో మూతులు చిక్కి ఊపిరాడక చచ్చినవి కొన్ని. ప్రవాహమును ఇసుకను కొంతవఱకు నిలుపుకొన్న చంబల్ నదిలో మాత్రము ఇటీవలి గణనలలో రెండువేలకు పైగా ఘరియాళ్ళు కనబడినవి.

అందుచేత ఇట్టి కేంద్రమునకు పోయినపుడు ‘మీ కడ ఎన్ని యున్నవి?’ అని నేను అడుగను. ‘ఇవి ఏ యేటికి పోవును? అచటివారు ఏమనుచున్నారు?’ అని అడుగుదును. వడనెమ్మెలిలో మొదటి ప్రశ్నకు సమాధానము నా కన్నులయెదుటనే గుట్టలుగా పడియున్నది. రెండవదానికి సమాధానము ఆ గోడలలోపల లేదు.

ఒడిస్సాలో మహానది సాత్‌కోసియా యను లోయగుండ ప్రవహించును. 1977నుండి అచట వందలకొలది ఘరియాలు పిల్లలను విడిచిరి. మిగిలినవి వ్రేళ్ళమీద లెక్కింపదగినన్ని. నలువదియేండ్లకు పైగా ఒక్క గూడును ఫలింపలేదు. 2021 మే నెలలో ఇసుకతిన్నెమీద ఒక గూటినుండి 28 పిల్లలు వెడలి నీటిలో దిగినవి. అవి మనిషి పొదిగించినవి కావు. తరువాత ఆ రాష్ట్రప్రభుత్వము జాలరులకొక మాట ఇచ్చెను. వలలో చిక్కిన ఘరియాలును కాపాడి విడిచినవానికి వేయి రూపాయల బహుమానము. దానివలన వల పాడైనచో ఆ వల వెల కూడ.