తంగేడు పూసే చోటు బంజరు కాదు చెల్లీ

బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస దగ్గరపడుతుంటే బెంగళూరులో మన ఆడవాళ్లందరిదీ ఒకటే అడుగుడు: తంగేడు పూలు ఎక్కడ దొరుకుతాయి? కె.ఆర్. మార్కెట్‌లో బంతి, చామంతి గంపలకొద్దీ ఉంటాయి. తంగేడు ఎవరూ సాగుచేసే పువ్వు కాదు కదా! అందుకే చాలామంది బంతిపూలతోనే బతుకమ్మను పేర్చేస్తారు. 2014 నుంచి మన తెలంగాణ రాష్ట్ర పుష్పం అదే అయినా, ఈ నేలకూ తంగేడు పరాయిది కాదు. ఇక్కడివాళ్లు తంగడి అనీ, ఆవరికె అనీ అంటారు.

ఊరి చుట్టూ మిగిలిన రాళ్ల గుట్టల వైపు ఒకసారి వెళ్లి చూడు. బెంగళూరు అడుగున ఉన్నది దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి రాయి. లాల్‌బాగ్ గుట్ట మీద మనం నిలబడేది దాని మీదే. అలాంటి రాతి మీద పలచగా పరుచుకున్న మట్టి, నెత్తిన మాడే ఎండ, ఆగి ఆగి పడే వాన. అంతకంటే తంగేడుకు ఏమీ అక్కర్లేదు. మనిషెత్తు పెరిగితే గొప్ప. మేకలు దాని జోలికి పోవు కాబట్టి మేత బీళ్లలోనూ నిలుస్తుంది. వెనకటికి దాని బెరడుతోనే తోళ్లు పదును చేసేవారు.

ఆ పువ్వును దగ్గరగా చూశావా ఎప్పుడైనా? అందులో తేనె ఉండదు. ఉన్నదంతా పుప్పొడే, అదీ కేసరాల కొసన చిన్న రంధ్రాల వెనక దాగి ఉంటుంది. పెద్ద నల్ల తుమ్మెద వచ్చి పువ్వును కరుచుకుని ఒళ్లంతా గట్టిగా ఝుమ్మనిపిస్తుంది. ఆ అదురుకు పుప్పొడి జలజలా రాలుతుంది. ఆకుల మీద లేత పసుపు సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. నాకైతే ఆ పొద దగ్గర ఎంతసేపు నిలబడ్డా తనివి తీరదు.

నా బాధల్లా ఇదే. ఇలాంటి నేలను మనం ఖాళీ జాగా అంటాం, బంజరు అంటాం. ఒకప్పుడు నీలగిరి చెట్లు నాటి దాన్ని నింపారు; 2017లోగానీ కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నాటడం ఆపలేదు. మరోవైపు పరదేశం నుంచి వచ్చిన లాంటానా పొదలు అల్లుకుపోయాయి. కనకపుర రోడ్డు వైపున్న తురహళ్లి అడవిలో 2021లో పార్కు చేస్తామంటే చుట్టుపక్కల జనమే వద్దని నిలబడ్డారు. మంచి పని చేశారు! చెట్లు నాటడం ఎక్కడైనా పుణ్యమే అనుకుంటాం గానీ, నీడ పడితే తంగేడు నిలవదు తల్లీ.

పెరట్లో పెంచాలనుంటే మొక్కను పీకి తేకు. ఎండిన కాయల్లోని గింజలు కొన్ని తెచ్చుకో. పెంకు గట్టిది, కాబట్టి వేడినీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి, బాగా ఎండ తగిలేచోట విత్తు. నీళ్లు ఎక్కువ పోయకు. బతుకమ్మకు కోసుకున్నా కొమ్మలు విరవకుండా పూలే కోయి. కొన్నిటిని కాయలకు వదిలెయ్యి.

ఇంకో మాట. మీ లేఅవుట్ మీటింగులో ఎవరైనా వెనకున్న ఖాళీ జాగానంతా జేసీబీతో చదును చేయిద్దామంటే ఊరుకోకు. పిల్లలు ఆడుకునేవైపు చదును చేసుకోమను, రాళ్లవైపున్న తంగేళ్లను మాత్రం ముట్టొద్దని లేచి చెప్పు. నీకు తోడుగా మాట్లాడేందుకు ఇంకో ఇద్దరు ఆడవాళ్లను ముందే కూడగట్టుకో.