పాత బండికి కొత్త షాక్ అబ్జర్బర్లు: ఎంపికలో కొంత లెక్క, కొంత వివేకం

ఫలక్‌నుమా కొండ దగ్గర సాయంత్రం పూట కాసేపు నిలబడితే రెండు కాలాల బళ్ళు ఒకేసారి కనిపిస్తాయి. 1884లో నవాబు వికార్-ఉల్-ఉమ్రా కట్టించటం మొదలుపెట్టిన ప్యాలెస్ 2010 నుంచి హోటలుగా నడుస్తున్నది. అతిథులను గేటు నుంచి గుర్రపు బగ్గీలో పైకి తీసుకుపోతారు. కింద రోడ్డు మీద ఆర్టీసీ బస్సులు, ఆటోలు, పెద్ద పెద్ద ఎస్‌యూవీలు గుంతలు తప్పించుకుంటూ పోతుంటాయి.

బగ్గీలకు సాధారణంగా కమాను కట్టలుంటాయి. గుంతలో పడితే పట్టీకి పట్టీ రాసుకుని, ఆ రాపిడితోనే ఊపు తగ్గుతుంది. గుర్రం నడకకు అది చాలు. గంటకు 80 కి.మీ. వేగంతో పోయే రెండు టన్నుల బండికి చాలదు. అక్కడే షాక్ అబ్జర్బరు, మన మెకానిక్కుల భాషలో షాకప్, అవసరమవుతుంది.

ఇది నాకు పుస్తకంలో కంటే మా మామయ్య బండి వల్ల బాగా అర్థమైంది. ఫలక్‌నుమాలో ఉండే ఆయన ఎలక్ట్రానిక్ సస్పెన్షన్ ఉన్న విదేశీ ఎస్‌యూవీ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. కొద్ది నెలలకు డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. స్పీడ్ బ్రేకరు దాటాక వెనుక సీట్లో అమ్మమ్మ పడవలో కూర్చున్నట్టు ఊగేది. ఒక షాపువాళ్ళు నాలుగూ మార్చాలన్నారు. ఆ మొత్తం మరదలి కాలేజీ ఫీజుకు దాచిన డబ్బుకు సమానం. ఇంకో షాపువాళ్ళు మామూలు షాకప్‌లు వేసి, దీపం పీకేస్తామన్నారు.

"ఏరా, నాలుగేళ్ళు ఇంజనీరింగు చదివావు కదా, ఏది చెయ్యమంటావో చెప్పు" అన్నారు మామయ్య. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవటమే ఈ వ్యాసం.

స్ప్రింగు మోస్తుంది, షాకప్ ఆపుతుంది

చాలామంది బండి బరువును షాకప్ మోస్తుందనుకుంటారు. సాధారణంగా బరువు మోసేది స్ప్రింగు. షాకప్ చేసే పని ఊపులోని శక్తిని మింగి వేడిగా మార్చటం. గొట్టంలో పిస్టన్ కదిలినప్పుడు ఆయిలు సన్నని కవాటాల గుండా దూరవలసి వస్తుంది. పిస్టన్ ఎంత వేగంగా కదిలితే అంత ఎదురు బలం పుడుతుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక చక్రం మీద పడే బండి బరువు 500 కిలోలు, స్ప్రింగు గట్టిదనం మీటరుకు 30,000 న్యూటన్లు అనుకుందాం. బండి సెకనుకు సుమారు 1.23 సార్లు ఊగుతుంది. అసలు ఊపే లేకుండా ఆపటానికి కావలసిన డ్యాంపింగును 1 అంటే, మంచి షాకప్ అందులో సుమారు 0.3 వంతు ఇస్తుందనుకుందాం. బండి 10 సెం.మీ. ఊగితే, ఒక పూర్తి ఊపు తర్వాత మిగిలేది 1.4 సెం.మీ. మాత్రమే. షాకప్ సగం అరిగి 0.15కు వస్తే 3.9 సెం.మీ. మిగులుతుంది. పూర్తిగా పాడై 0.05కు పడిపోతే 7.3 సెం.మీ. మిగులుతుంది. ఆ ఊపు ఒక సెంటీమీటరు కంటే తగ్గటానికి ఎనిమిది ఊపులు, అంటే ఆరున్నర సెకన్లు కావాలి. 60 కి.మీ. వేగంతో పోయే బండి ఈలోగా 100 మీటర్లు దాటిపోతుంది!

ఇది కేవలం సుఖానికి సంబంధించిన విషయం కాదు. చక్రం ఎగిరి పడుతున్నంతసేపూ టైరు నేల మీద ఒకే బలంతో ఆనదు. ఆనిన క్షణంలో దొరికే అదనపు పట్టు, తేలిన క్షణంలో పోయిన పట్టును పూర్తిగా పూడ్చలేదు. అందుచేత గతుకుల రోడ్డు మీద బ్రేకు వేస్తే బండి ఆలస్యంగా ఆగుతుంది. వంతెన దిగుతూ ముందు ఆటో హఠాత్తుగా ఆగిందనుకోండి, ఆ తేడా ఎవరి ప్రాణం మీదకు వస్తుందో వేరే చెప్పాలా?

ఎలక్ట్రానిక్ అంటే ఏమిటి?

మెత్తటి షాకప్ సుఖమిస్తుంది కాని మలుపులో బండిని వాలనిస్తుంది. గట్టిది మలుపులో నిలబెడుతుంది కాని ప్రతి రాయినీ నడుముకు చెబుతుంది. రెండూ కావాలంటే గట్టిదనం ఎప్పటికప్పుడు మారాలి. 1974లో కార్నాప్, క్రాస్బీ, హార్వుడ్ అనే పరిశోధకులు దీనికి దారి చూపారు. బండి ఆకాశానికి కట్టిన కొక్కేనికి వేలాడుతున్నట్టుగా డ్యాంపింగును మార్చాలన్నది వారి ఊహ. దానినే స్కైహుక్ అంటారు. ఫలక్‌నుమా అన్న పేరులో కూడా ఆకాశమే ఉండటం చిత్రం! 1983లో టయోటా సంస్థ సోరర్ కారులో ఎలక్ట్రానిక్ సర్దుబాటు తెచ్చింది. 2002లో కాడిలాక్ కారులో ఇనుప రేణువులు కలిపిన ఆయిలును అయస్కాంత క్షేత్రంతో చిక్కబరిచే షాకప్‌లు వచ్చాయి.

మన దగ్గర తిరిగే పాత ఎస్‌యూవీల్లో ముఖ్యంగా మూడు రకాలు గమనించాలి. మొదటిది, మామూలు స్ప్రింగుకు తోడు సొలినాయిడ్ కవాటం ఉన్న షాకప్. రెండవది, దానితోపాటు స్ప్రింగు బదులు గాలి తిత్తి, కంప్రెసర్ ఉన్న వ్యవస్థ. మూడవది, కొన్ని ల్యాండ్ క్రూజర్లలో లాగా ఆయిలు పీడనంతో ఎత్తు మారేది. ఈ మూడవ దానిలో షాకప్ లాగా కనిపించే గొట్టం బరువులో కొంత భాగం తానే మోస్తుంది. దాన్ని పీకి బజారు షాకప్ ఒక్కటీ బిగిస్తే సరిపోదు. పైగా అందులో చాలాసార్లు పాడయ్యేది గొట్టం కాదు, గ్యాసు నింపిన గోళాలు. బండిని ఎత్తు నుంచి కిందికి దించినప్పుడు ట్యాంకులో ఆయిలు మట్టం ఉండవలసినంతగా మారకపోతే గోళాలను అనుమానించాలి.

ముందు రోగమేమిటో తేల్చాలి

ప్యాలెస్ కింది రోడ్డులో ఒక వృద్ధ మెకానిక్కును కలిశాం. ఆయన స్కానరు పెట్టకముందే, "బాబూ, దీపం వేరు, ఊపు వేరు. రెండూ ఒకటే అనుకుని పైసలు ఖరాబ్ చేసుకోకండి" అన్నాడు. ఆయన మాట అక్షరాలా నిజమైంది. స్కానరులో వెనుక కుడి కవాటం సర్క్యూటు తెగినట్టు కోడు వచ్చింది. కనెక్టరు విప్పితే పచ్చటి చిలుము. వైరు అతికి, మల్టీమీటరుతో కాయిలు నిరోధం చూస్తే ఎడమ కుడి రెండూ సమానం. దీపం ఆరింది. ఊపు మాత్రం పోలేదు. కారణం, వెనుక రెండు షాకప్‌ల మీదా ఆయిలు కారిన జిడ్డు. ముందు రెండూ పొడిగా, బాగానే ఉన్నాయి.

కాబట్టి కొనే ముందు ఇవి చూడాలి: ఆయిలు కారుతోందా, టైరు అక్కడక్కడా గుంటలుగా అరిగిందా, పై మౌంటు, బుష్‌లు, బంప్ రబ్బర్లు ఎలా ఉన్నాయి, ఎత్తు సెన్సార్లు సరైన కొలత చెబుతున్నాయా. చేత్తో బానెట్ నొక్కి చూసే పరీక్ష బరువైన బళ్ళకు నమ్మకమైనది కాదు.

నాలుగు దారులు

ఒకటి, బండి కంపెనీ ఇచ్చే అసలు భాగం. ఖర్చెక్కువ, అనుమానం తక్కువ.

రెండు, బిల్‌స్టైన్, మన్రో వంటి తయారీదారులు కొన్ని బళ్ళకు అదే ప్లగ్గుతో చేసే సమానమైన ఎలక్ట్రానిక్ షాకప్. ఛాసిస్ నంబరులోని 17 అక్షరాలూ ఇచ్చి పార్టు నంబరు సరిచూసుకోవాలి. ఒకే మోడల్లో సస్పెన్షన్ రకాన్ని బట్టి భాగం మారిపోతుంది.

మూడు, రీబిల్డ్ చేసినవి, లేదా తుక్కు బండి నుంచి తీసినవి. రాణీగంజ్ వంటి స్పేర్ పార్టుల బజార్లలో పాతవి అడిగేవాళ్ళు చాలామందే ఉంటారు. లోపల కవాటం ఎంత అరిగిందో కంటికి కనపడదు. పరీక్ష యంత్రం మీద బలం కొలిచి, గ్యారంటీ రాసిచ్చేవారి దగ్గరైతేనే ఆలోచించవచ్చు.

నాలుగు, ఎలక్ట్రానిక్స్ తీసేసి మామూలు షాకప్‌లకు మారటం. భాగాలు దొరకని బండికి ఇది తప్పేమీ కాదు. కాని ఆ మోడలుకే, ఆ బరువుకే తయారైన పూర్తి కిట్ కావాలి. స్ప్రింగులు కూడా దానికి సరిపడాలి. కంప్యూటరుకు తప్పు సంకేతం పోకుండా తగిన మాడ్యూలు ఉండాలి. దీపం బల్బు పీకటం వైద్యం కాదు, జ్వరం చూడకుండా థర్మామీటరు పగలగొట్టటం. కొన్ని బళ్ళలో స్థిరత్వ నియంత్రణ కూడా ఈ వ్యవస్థతో మాట్లాడుతుంటుందని మరచిపోరాదు.

మేము రెండవ దారి పట్టి వెనుక జత మాత్రమే మార్చాం. షాకప్‌లను ఒక ఇరుసుకు రెండూ కలిపే మార్చాలి. లేకపోతే కుడి ఎడమల మధ్య తేడా బండిని పక్కకు లాగుతుంది. ముందువి బాగున్నాయి కనుక సగం డబ్బు మిగిలింది. ఫీజు సకాలంలో కట్టారు.

బిగింపులో జాగ్రత్త

గాలి తిత్తి బండికి ముందు గాలి దించాలి. జాకీ ఎత్తేటప్పుడు ఎత్తు సవరణను ఆపాలి. స్ప్రింగును సరైన కంప్రెసర్ పనిముట్టు లేకుండా విప్పరాదు. అది జారితే మనిషి బతకడు. రబ్బరు బుష్‌ల బోల్టులు చక్రం గాలిలో వేలాడుతుండగా చివరిదాకా బిగించకూడదు. బండి తన మామూలు ఎత్తుకు వచ్చాకే బిగించాలి. లేకపోతే రబ్బరు మెలి తిరిగి త్వరగా చిరుగుతుంది. ఆఖరున ఎత్తు సెన్సార్ల క్యాలిబ్రేషను, వీల్ అలైన్‌మెంటు చేయించాలి.

మిత్రులారా, వైబ్రేషన్స్ పేపరులో డ్యాంపింగు నిష్పత్తి మీద ప్రశ్న వస్తే మనం పది మార్కులకు రాసి వదిలేస్తాం. అదే నిష్పత్తి మీద ఒక ఇంటి ఫీజు, ఒక ముసలమ్మ నడుము, ఒక బ్రేకు దూరం ఆధారపడి ఉంటాయని ఆ రోజు తెలిసింది. పని ముగిశాక ఆ ఉస్తాద్‌కు నా లెక్క కాగితం చూపించాను. ఆయన నవ్వి, "మీ కాగితంలో ఉన్నది నా చేతికి తెలుసు. ఎందుకో మాత్రం ఇవాళ తెలిసింది" అన్నాడు. నేను నేర్చుకున్నది దానికి సరిగ్గా తలకిందులు.